ప్యాచ్‌ను తిట్టేముందు నీ ఫైల్‌ను చూడు నాన్నా

నాన్నా,

మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. ఆ పాత జపాన్ ఆటకు ఇంగ్లీషు ప్యాచ్ వేయాలని రాత్రిళ్లు మేలుకుని కూర్చుంటున్నావట. ఎన్నిసార్లు వేసినా తెర నల్లగానే ఉంటోందట. ఆఖరికి "ఈ ప్యాచ్ చేసినవాళ్లకి ఏమీ రాదు" అని కంప్యూటర్ కట్టేసి, అన్నం కూడా తినకుండా పడుకున్నావట. నీ విసుగు నాకు అర్థమవుతుంది. ఇష్టపడి మొదలుపెట్టిన పని, కారణం కూడా చెప్పకుండా ఆగిపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ ఆ కోపం చేరాల్సిన చోటు వేరే ఉంది. అది ఎక్కడో చూపించాలనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ముందు నువ్వు తిట్టినవాళ్ల సంగతి. నువ్వు ఆడాలనుకుంటున్న 'సెయికెన్ డెన్సెట్సు 3'ని స్క్వేర్ కంపెనీ 1995లో సూపర్ ఫ్యామికామ్ అనే ఆటల యంత్రం కోసం జపాన్‌లో మాత్రమే విడుదల చేసింది. అది ఇంగ్లీషులో అధికారికంగా 'ట్రయల్స్ ఆఫ్ మానా' పేరుతో వచ్చేసరికి 2019 అయింది. దానికి దాదాపు రెండు దశాబ్దాల ముందే నీల్ కార్లెట్ అనే ప్రోగ్రామర్, ఆయనతో చేరిన అభిమానులు ఆ ఆట మొత్తాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి ప్యాచ్‌గా ఇచ్చారు. వాళ్లకు జీతం లేదు, కంపెనీ సాయం లేదు, ఆట అసలు కోడ్ చేతిలో లేదు. చిప్పులోంచి తీసిన బైట్లను చూసి, మాటలు ఎక్కడ దాచారో, ఎలా కుదించారో, తెర మీద అక్షరం ఎలా గీస్తున్నారో విప్పుకుంటూ వెళ్లాలి. ఏమీ రానివాళ్లు చేయగలిగే పని కాదది. 'ఫైనల్ ఫాంటసీ 5' కథా ఇంతే. ఆట 1992లో వచ్చింది, అధికారిక ఇంగ్లీషు 1999లో వచ్చింది, అభిమానుల ఇంగ్లీషు అంతకంటే ముందే వచ్చింది. 'మదర్ 3' అయితే 2006లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద వచ్చింది. నింటెండో ఇంతవరకు దాన్ని ఇంగ్లీషులో ఇవ్వనే లేదు. 2008 అక్టోబరులో అభిమానులు ఇచ్చిన అనువాదమే ఇప్పటికీ దిక్కు. ఇలాంటివాళ్ల పేరు ఎత్తేటప్పుడు మాట కాస్త మెత్తగా ఉండాలి.

ఇక నల్లతెర సంగతికి వస్తాను.

ప్యాచ్ అంటే ఆట కాదు. ఆట కంపెనీ సొత్తు కాబట్టి మార్చిన ఆటను మొత్తంగా పంచే హక్కు అనువాదకులకు లేదు. అందుకని తాము మార్చిన బైట్లను మాత్రమే విడిగా రాసి ఇస్తారు. పాత తెలుగు పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక చూసే ఉంటావు. ఫలానా పేజీ, ఫలానా పంక్తి, అక్కడున్నది తీసి ఇది చదువుకోండి అని ఉంటుంది. ప్యాచ్ అచ్చంగా అదే. ఆ పట్టిక ఏ ముద్రణకు వేశారో ఆ ముద్రణకే పనికొస్తుంది. తర్వాతి ముద్రణలో ముందుమాట మరో నాలుగు పేజీలు పెరిగిందనుకో, పట్టిక చెప్పే పేజీలో ఇంకేదో వాక్యం ఉంటుంది. నువ్వు కళ్లు మూసుకుని దిద్దుకుంటూ పోతే తప్పులు అలాగే ఉండిపోతాయి, ఒప్పులు కూడా చెడిపోతాయి.

నీ ఫైల్‌కు జరిగింది ఇదేనని నా గట్టి అనుమానం. ఎందుకో చెబుతాను.

పాత ప్యాచ్‌లలో చాలావరకు ఐపీఎస్ పద్ధతివి. చాలా సాదా పద్ధతి. ఫైల్ మొదట్లో 'ప్యాచ్' అనే మాట అయిదు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. తర్వాత వరసగా చిట్టీలు. ఒక్కో చిట్టీలో ఏ చిరునామాకు వెళ్లాలో మూడు బైట్లు, ఎన్ని బైట్లు రాయాలో రెండు బైట్లు, ఆపైన రాయాల్సిన సరుకు. చివర ఫైల్ అయిపోయిందని చెప్పే 'ఈఓఎఫ్' అనే మూడక్షరాలు. అంతే. నువ్వు ఇచ్చింది సరైన ఆటేనా, సరైన దేశపు ప్రతేనా అని అడిగే ఏర్పాటు అందులో లేనే లేదు. నువ్వు మీ అమ్మ పెళ్లి ఫొటో ఇచ్చినా దాని మీద కూడా రాసేసి 'విజయవంతంగా పూర్తయింది' అంటుంది. నీకు తగిలిన దెబ్బ అక్కడే. ఆ విజయం రాసే పనిది మాత్రమే, సరైన చోట రాశామన్న భరోసా దానికి లేదు.

ఇక ఆ చిరునామాలు ఎలా జరిగిపోతాయో చూడు. తొంభైల్లో సూపర్ ఫ్యామికామ్ కార్ట్రిడ్జ్‌లను ఫ్లాపీల్లోకి దించే పరికరాలు ఉండేవి. సూపర్ మ్యాజికామ్ అలాంటిదే. ఎస్ఎంసీ అన్న ఫైల్ ఎక్స్‌టెన్షన్ దాని పేరు మీదే వచ్చింది. అవి తమ అవసరానికి ఫైల్ ముందు 512 బైట్ల హెడర్ ఒకటి తగిలించేవి. ఆటకు దానితో ఏ పనీ లేదు. అయినా ఆ ఫైళ్లు అలాగే చేతులు మారి ఇప్పటికీ తిరుగుతున్నాయి. హెడర్ ఉన్న ఫైల్‌లో ప్రతి బైటూ 512 చోట్లు వెనక్కి జరిగి ఉంటుంది. హెడర్ లేని ఫైల్ కోసం చేసిన ప్యాచ్‌ను దాని మీద వేస్తే మొదటి చిట్టీ నుంచి చివరి చిట్టీ దాకా అన్నీ తప్పు చోటే పడతాయి. పాత యంత్రంలా నటించే ఎమ్యులేటర్ ప్రోగ్రాము మాత్రం హెడర్ ఉన్నా లేకపోయినా అసలు ఆటను చక్కగా నడిపేస్తుంది. అందుకే "ఆట బాగానే ఉంది, ప్యాచ్ వేశాకే చెడింది, కాబట్టి తప్పు ప్యాచ్‌దే" అని నీకు అనిపించింది. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

తేల్చుకోవడం సులువు. నీ ఆట 4 మెగాబైట్లది. హెడర్ లేకపోతే కచ్చితంగా 41,94,304 బైట్లు ఉండాలి. 41,94,816 ఉంటే ఆ ఎక్కువైన 512 బైట్లు హెడరే. వేరే సూపర్ ఫ్యామికామ్ ఆటైనా సైజును 1024తో భాగించి చూడు. శేషం 512 వస్తే హెడర్ ఉన్నట్టు. హెడర్‌ను కోసేసే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి, కొన్ని ప్యాచింగ్ ప్రోగ్రాముల్లోనే ఆ సౌకర్యం ఉంటుంది. కొందరు అనువాదకులు హెడర్ ఉన్నదానికొకటి, లేనిదానికొకటి రెండు ప్యాచ్‌లు ఇచ్చి, వాటితో పాటు ఉండే రీడ్‌మీ ఫైల్‌లో వివరంగా రాస్తారు. నువ్వు ఆ రీడ్‌మీ తెరిచావా? తెరవలేదని మీ అమ్మ మాటల్లోనే తెలిసిపోయింది.

సైజు సరిపోయినంత మాత్రాన అదే ప్రతి అనుకోకు. ఇక్కడ నువ్వు జాగ్రత్తగా ఉండాలి నాన్నా, ఎందుకంటే నల్లతెర అసలు మంచి రకం తప్పు. వెంటనే కనబడుతుంది, గంటలు పాడుచేయదు. నన్ను భయపెట్టేది రెండో రకం. ఒకే ఆటను కంపెనీలు జపాన్‌కి, అమెరికాకి, యూరప్‌కి వేరువేరుగా అమ్మేవి. అదే దేశంలో కూడా తప్పులు దిద్ది కొత్త ప్రతులు వేసేవి. 1998 నాటి 'జెల్డా: ఆకరీనా ఆఫ్ టైమ్' తీసుకో. అమెరికా ప్రతికే 1.0, 1.1, 1.2 అని మూడున్నాయి. సైజు మూడింటికీ ఒకటే. 1.0 కోసం చేసిన ప్యాచ్ 1.2 మీద పడితే కొన్ని చోట్ల సరిగ్గా అతుకుతుంది, కొన్ని చోట్ల అతకదు. టైటిల్ వస్తుంది, ఆట మొదలవుతుంది, నువ్వు ఎన్నో రోజులు ఆడతావు, ఒక తలుపు తెరవగానే బిగుసుకుపోతుంది. ఆ సమయంలో నువ్వు ఎక్కడో మొదట్లో వేసిన ఫైల్‌ను ఎందుకు అనుమానిస్తావు?

దానికి మందు చెక్‌సమ్. ఫైల్‌లోని బైట్లన్నిటి మీద లెక్క కట్టి తీసే చిన్న గుర్తు అది. ఒక్క బైటు మారినా గుర్తు మారిపోతుంది. సీఆర్‌సీ32 అయితే 8 అక్షరాలు, ఎండీ5 అయితే 32, షా-1 అయితే 40. మంచి రీడ్‌మీలో ఈ ప్యాచ్ ఏ ఫైల్ కోసమో ఈ గుర్తుతో సహా రాసి ఉంటుంది. నీ ఫైల్ గుర్తు తీయడానికి పెద్ద విద్య అక్కర్లేదు. 7-జిప్ ఉంటే రైట్ క్లిక్‌లోనే చూపిస్తుంది. రెండు గుర్తులూ అక్షరం పొల్లుపోకుండా కలిస్తే ప్యాచ్ వెయ్యి. కలవకపోతే వేయకు. "చూద్దాం, ఏమవుతుందో" అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఈ బాధ పడ్డవాళ్లే తర్వాత మంచి పద్ధతులు తెచ్చారు. ఐపీఎస్‌లో చిరునామాకు మూడు బైట్లే కాబట్టి అది 16 మెగాబైట్లు దాటి వెళ్లలేదు. 'మదర్ 3' 32 మెగాబైట్ల ఆట. దాని రెండో సగం ఐపీఎస్‌కు అందనే అందదు. (ఇంకో వింత లోపం కూడా ఉంది. 45,42,278 అనే చిరునామాను బైట్లలో రాస్తే అది సరిగ్గా 'ఈఓఎఫ్' అక్షరాలే అవుతుంది. ఒక చిట్టీ ఆ చిరునామాతో మొదలైతే ఫైల్ అయిపోయిందనుకుని అక్కడే ఆగిపోయే ప్రోగ్రాములున్నాయి.) బీఎస్‌నెస్ అనే ఎమ్యులేటర్ రాసిన ప్రోగ్రామరే యూపీఎస్, ఆ తర్వాత బీపీఎస్ పద్ధతులు తయారుచేశారు. బీపీఎస్ ప్యాచ్‌లో మూడు చెక్‌సమ్‌లు ఉంటాయి: మొదటి ఫైల్‌ది, ప్యాచ్ వేశాక రావాల్సిన ఫైల్‌ది, ప్యాచ్‌ది. తప్పు ఫైల్ ఇస్తే 'ఇది నాకు కావాల్సింది కాదు' అని మొహం మీదే చెప్పేస్తుంది. చాలామంది కుర్రాళ్లకు అప్పుడే విసుగు పెరుగుతుంది. చెక్‌సమ్ పట్టించుకోకుండా బలవంతంగా వేసే మీట కోసం వెతుకుతారు. ఆ పని చేయకు. ఆ ప్రోగ్రాము నీ వారాన్ని కాపాడుతోంది. ఒకే ఆటకు ఐపీఎస్, బీపీఎస్ రెండూ దొరికితే ఎప్పుడూ బీపీఎస్ తీసుకో.

నింటెండో 64 జోలికి వెళ్లినప్పుడు ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఒకే ఆట జెడ్64, వీ64, ఎన్64 అని మూడు రకాల ఫైళ్లుగా తిరుగుతుంది. బైట్లు అవే, పేర్చిన వరస వేరు. మొదటి నాలుగు బైట్లు 80 37 12 40 అయితే అది జెడ్64. 37 80 40 12 అయితే వీ64. 40 12 37 80 అయితే ఎన్64. ఫైల్ పేరు చివర అక్షరాలు మార్చితే లోపలి వరస మారదు, దానికి వేరే మార్పిడి ప్రోగ్రాము వాడాలి. ప్యాచ్‌లు ఎక్కువగా జెడ్64 కోసమే ఉంటాయి.

మీ నాన్న అటక మీద దాచుకున్న క్యాసెట్ల గురించి కూడా ఒక మాట. మన ఊళ్లలో తొంభైల్లో టీవీకి తగిలించుకుని మారియో, కాంట్రా ఆడిన వీడియో గేమ్‌లు చాలావరకు జపాన్ ఫ్యామికామ్‌కు అనుమతి లేకుండా తీసిన నకళ్లు. వాటి కార్ట్రిడ్జ్‌లను మేము క్యాసెట్లు అనేవాళ్లం. ఒక్కో దాంట్లో లెక్కలేనన్ని ఆటలని పైన రాసి ఉండేది. అన్నిటినీ ఒకే చిప్పులో ఇరికించడానికి వాటిని తయారుచేసినవాళ్లు కోడ్‌ను అక్కడక్కడ మార్చారు, టైటిల్ తెర మీద కంపెనీ పేర్లు చెరిపేశారు. అవి మా చిన్నతనం, వాటి మీద నాకు ప్రాణం. అయినా వాటిలోంచి తీసిన ఫైల్ మీద అసలు ఆట ప్యాచ్ పడుతుందని ఆశపడకు. ఆ క్యాసెట్లను అలాగే దాచు. వాటి విలువ వేరు.

మరికొన్ని గబగబా చెప్పేస్తాను. జిప్ ఫైల్ మీద ప్యాచ్ వేయకు, విప్పి లోపలి ఫైల్ మీద వెయ్యి. అసలు ఫైల్‌ను ఎప్పుడూ ముట్టుకోకు, ఒక ఫోల్డర్‌లో చదవడానికి మాత్రమే ఉంచి నకలు మీద పనిచెయ్యి. ఇంకా మంచిది, ఆట ఫైల్‌కీ ప్యాచ్ ఫైల్‌కీ ఒకే పేరు పెట్టి ఒకే ఫోల్డర్‌లో ఉంచితే స్నెస్9ఎక్స్, రెట్రోఆర్చ్ లాంటివి ఆట తెరిచేటప్పుడు వాటంతటవే ప్యాచ్‌ను కలుపుకుంటాయి, అసలు ఫైల్ చెక్కుచెదరదు. విండోస్ ఫైల్ పేరు చివరి అక్షరాలను దాచేస్తుంది కాబట్టి ముందు అవి కనబడేలా పెట్టుకో.

సేవ్‌ల విషయంలో మాత్రం కొంచెం ఆగి వినాలి. ప్యాచ్ వేయకముందు ఎమ్యులేటర్‌లో తీసిన సేవ్ స్టేట్‌ను ప్యాచ్ వేశాక తెరవకు. సేవ్ స్టేట్ అంటే ఆ క్షణాన ర్యామ్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు దించిన నకలు. పాత ఆటలో ఏ మాట ఎక్కడుందో చెప్పే చిరునామాలు అందులో ఉండొచ్చు. కొత్త ఆటలో ఆ చోట మరొకటి ఉంటుంది. మాటలు చెత్తగా కనబడతాయి, లేదా ఆట పడిపోతుంది. ప్యాచ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు కూడా ఆటలోపలి సత్రంలోనో విగ్రహం దగ్గరో సేవ్ చేసుకుని, ఎమ్యులేటర్‌ను పూర్తిగా మూసి, ఆ సేవ్ నుంచే మొదలుపెట్టు.

ఒకదాని మీద ఒకటి ప్యాచ్‌లు వేయాలన్న ఆశ కూడా నీకు ఉండే ఉంటుంది. అనువాదం ఒకటి, బొమ్మలు మెరుగుపరిచేది ఒకటి, కష్టం తగ్గించేది ఒకటి. రెండు ప్యాచ్‌లు ఒకే చోటును మారిస్తే వెనక వేసింది ముందుదాన్ని తుడిచేస్తుంది. రెండూ ఆట చివర ఖాళీగా ఉన్న చోటునే కొత్త కోడ్‌కు వాడుకోవడం తరచుగా జరుగుతుంది. ఫలానా ప్యాచ్‌తో కలిసి నడుస్తుందని చేసినవాళ్లు రాస్తే, వాళ్లు చెప్పిన వరసలోనే వెయ్యి. రాయకపోతే ఒక్కదానితో సరిపెట్టుకో.

అన్నీ సరిచూసుకున్నాక కూడా పనిచేయకపోవచ్చు. పాత ప్యాచ్‌లు కొన్నింటిని జెడ్‌ఎస్‌నెస్ లాంటి పాత ఎమ్యులేటర్లలో మాత్రమే పరీక్షించారు. ఆ ఎమ్యులేటర్ అసలు యంత్రంలా కచ్చితంగా నడిచేది కాదు, వేగం కోసం కొన్ని చూసీచూడనట్టు వదిలేసేది. అందులో నడిచింది నేటి ఎమ్యులేటర్‌లోనో, అసలు యంత్రంలోనో ఆగిపోవచ్చు. అప్పుడు నిజంగా తప్పు ప్యాచ్‌దే. అలాంటప్పుడు చేసినవాళ్లకు రాయి. "మీ ప్యాచ్ పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకు. నీ ఫైల్ చెక్‌సమ్, ప్యాచ్ వెర్షన్, ఎమ్యులేటర్ పేరు, దాని వెర్షన్, ఆట ఏ చోట ఆగిందో రాయి, ఆటలోపలి సేవ్ జతచెయ్యి. ఉద్యోగం, పిల్లలు, వయసు మీద పడిన తల్లిదండ్రులు ఉన్నవాళ్లు వాళ్లు. నువ్వు పది నిమిషాలు కష్టపడి రాస్తే వాళ్లకు ఒక ఆదివారం మిగులుతుంది.

ప్యాచ్ ముందే వేసిన ఫైల్ ఎవరైనా ఇస్తామంటే తీసుకోకు. అది ఏ ప్రతి మీద, ఏ వెర్షన్ ప్యాచ్ వేసిందో నీకు తెలియదు, రేపు కొత్త ప్యాచ్ వస్తే దాని మీద పడదు. పైగా అలా పంచడం చట్టానికి విరుద్ధం. నీ దగ్గర ఒరిజినల్ కార్ట్రిడ్జ్ ఉంటే దాన్నుంచే ఫైల్ తీసుకో. ఇక నీ 'సెయికెన్ డెన్సెట్సు 3'ని ఇప్పుడు స్క్వేర్ ఎనిక్స్ ఇంగ్లీషులో అమ్ముతోంది. నీ మొదటి జీతంతో దాన్ని కొను. ఆ ఆట చేసినవాళ్లకు చెందాల్సింది చెందాలి. అభిమానుల అనువాదాన్ని కూడా ఆడు. రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే నీకు వచ్చే చదువు ఏ కోచింగ్‌లోనూ రాదు.

ఎప్పటికైనా ఒక ఆటను తెలుగులోకి తేవాలని ఉందని అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. అది తేలిక కాదు. ఆ యంత్రాలు తెరను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న పలకలతో పేరుస్తాయి. ఇంగ్లీషు అక్షరం ఒక పలకలో ఇమిడిపోతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్ని 8 చుక్కల ఎత్తులో చదవగలిగేలా గీయడం ఎవరి తరమూ కాదు. రెండు మూడు పలకల ఎత్తు వాడాలి, అక్షరాల వెడల్పును బట్టి జరిగే కొత్త కోడ్ రాయాలి, ఒత్తులు విడిగా అతికించాలో, గుణింతాలన్నీ ముందే గీసి పెట్టాలో తేల్చుకోవాలి. నువ్వు చేయగలవు. చేసిన రోజున బీపీఎస్‌లోనే ఇవ్వు, రీడ్‌మీ మొదటి పంక్తిలోనే అసలు ఫైల్ చెక్‌సమ్ రాయి.

అదంతా తర్వాత. ఇవాళ భోజనం చేశాక కంప్యూటర్ తెరువు. ప్యాచ్ వేయని ఆ అసలు ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడు. 'సైజ్ ఆన్ డిస్క్' అని కింద ఉండే అంకెను వదిలెయ్. దాని పైన 'సైజ్' అని ఉంటుంది చూడు, అక్కడ బైట్లలో ఎంతుందో పూర్తి అంకె నాకు పంపు. చూసి వెంటనే ఫోన్ చేస్తాను.

మీ పిన్ని